పందెపు పశువు – పోషకుని పూచీ

(మార్కాపురమున పఠనాలయ సభలో మేము చేసిన ఉపన్యాసపు పాఠము)



నేటి సభకు మేము తీసికొనిన విషయము కొందఱికి మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. దేశమున నిన్ని సమస్యలుండగా ఎద్దుల పందెములు, గుఱ్ఱపు పందెములు, ఆ జంతువులకు చాటుగా పెట్టు మందులు – ఇవి యొక యుపన్యాసమునకు తగిన సంగతులా యని యడుగువారుందురు. అట్టివారికి మా జవాబొక్కటే. మాటరాని జీవిని చేతిలో నుంచుకొనిన మనుష్యుడు దాని విషయమున ఎవరికి జవాబుదారి? ఎంతవఱకు జవాబుదారి? ఈ ప్రశ్న చిన్నది కాదు. ధర్మము, చట్టము, గ్రామమర్యాద – ఈ మూడును కలిసికొను చోట నిది నిలిచియున్నది. న్యాయస్థానములలో వాదించుట మా వృత్తి. ప్రజాకార్యములలో వాలంటీరులుగా తిరుగుట మా వ్రతము. ఈ రెండు తెఱగుల యనుభవమును జోడించి మీయెదుట నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మన పశ్చిమ ప్రకాశము మెట్టసీమ. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. కంభము చెఱువు క్రింది మాగాణివంటివి కొన్ని తప్ప తక్కిన సేద్యమంతయు చాలవఱకు వానమీదనే యాధారపడినది. ఇట్టి సీమలో ఎద్దు రైతునకు ఆస్తి. ఎద్దు రైతునకు పరువు. ట్రాక్టరు వచ్చి నాగలిని చూరుక్రింద చేర్చిన పిదప దుక్కిటెద్దులు తఱిగిపోయినవి గాని పందెపుటెడ్లపై మమకారము తఱుగలేదు. శివరాత్రికి, ఉగాదికి, శ్రీరామనవమికి, గ్రామదేవతల కొలుపులకు, తిరునాళ్లకు బండలాగుడు పందెములు పెట్టుచునే యున్నారు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆఱు పండ్లు అని పండ్లనుబట్టి తరగతు లేర్పఱచి, నిర్ణీతకాలములో ఏ జత బండను ఎన్ని యడుగులు లాగినదో కొలిచి బహుమానము లిత్తురు. ఉలవలు పెట్టి, ఒళ్లు తోమి, బిడ్డవలె పెంచిన ఒంగోలు జాతి గిత్తలు మూపు లెగయ కాడిక్రింద నడుము వంచునపుడు చూచుటకు రెండు కన్నులు చాలవు. ఈ యానందమును నిందించుటకు మేము రాలేదు.

అయితే ఈ బరుల చుట్టు ఒక గుసగుస తిరుగుచుండును. గెలిచిన జతను చూచి ఓడినవాడు "మందు పెట్టినారు" అనును. వినినవాడు దానిని పదిమందికి చెప్పును. ఆ మాట నిజమో, అసూయచేత పుట్టిన యబద్ధమో తేల్చుటకు మార్గమేది? మేమెఱిగిన బరులలో పరీక్ష లేదు, విచారణ లేదు, మరుసటి యేటికి నిలుచు పుస్తకమైనను లేదు. అందుచేత రెండు అన్యాయము లేకకాలమున జరుగుచున్నవి. తప్పుచేసినవాడెవడైన నుండినచో గుసగుస మాటున దాగుచున్నాడు. తప్పు చేయనివాడు ఆ గుసగుస క్రిందనే నలిగిపోవుచున్నాడు. ఈ యిద్దఱి నడుమ, ఒంటిలో నేమి యెక్కినదో చెప్పుకొనలేని పశువు మూడవ బాధితురాలు. ఈ చిక్కును లోకములో మనమే మొదట చూచినవారము కాము. గుఱ్ఱపు పందెముల వారు నూఱేండ్లకు పైగా దీనితో పెనగులాడినారు. వారి తప్పులనుండియు, వారి తీర్పులనుండియు మనము నేర్చుకొనవలసినది చాల కలదు.

పందొమ్మిదవ శతాబ్ది చివరను ఇంగ్లండు, అమెరికా దేశముల పందెములలో కొకేయిను, స్ట్రిక్నిను మొదలగు మందులను గుఱ్ఱములకు పెట్టుట వాడుకలోనికి వచ్చెను. స్ట్రిక్ని ననగా మఱేమియు కాదు. మన నల్లమల యడవులలో పెరుగు ముష్టిచెట్టు గింజలలోని విషమే. అది స్వల్పముగా నున్నచో నరములను రెచ్చగొట్టును. కొంచెము మీఱినచో ప్రాణము తీయును. ఆ రోజులలో దీనిని నిషేధించు నియమమే లేదు. జార్జి లాంబ్టను అను ఇంగ్లీషు ట్రైనరు ఈ యనాచారమును సహింపలేక, తాను మందు పెట్టబోవుచున్నట్లు ముందుగానే తెలియజేసి, తన గుఱ్ఱములకే పెట్టి, అవి గెలుచుట లోకమునకు చూపెను. పిమ్మట ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇంగ్లండు జాకీ క్లబ్బు మందులను నిషేధించెను. 1910 ప్రాంతమున వియన్నాలో రసాయనశాస్త్రజ్ఞులు గుఱ్ఱపు లాలాజలమునుండి మందును పట్టు విధానమును కనిపెట్టిరి. నియమము ముందు, పరీక్ష తరువాత – ఈ రెండును కలిసిన నాడే గుసగుసకు బదులు సాక్ష్యము పుట్టినది.

మందులన్నియు ఒక్క తీరువి కావని శ్రోతలు గుర్తింపవలెను. ఉత్సాహము రేపునవి కొన్ని. కండ పెంచునవి కొన్ని. ఎదిరిపక్షపు జంతువును మందగింపజేయు మత్తుమందులు కొన్ని. వీనికంటె వంచకమైనవి నొప్పి తెలియనీయని మందులు. ఏలయన అవి వైద్యమను ముసుగులో వచ్చును. నొప్పి దేహమునకు కావలివాడు. గిట్ట బెణికినపుడు, నరము చిట్లినపుడు, 'ఇక నడుగు వేయకు' మని చెప్పునది నొప్పియే. ఆ కావలివాని నోరు నొక్కి జంతువును పరుగెత్తించినచో బెణికిన చోట విఱుగును. చిట్లిన చోట తెగును. 1968లో అమెరికాలోని కెంటకీ డర్బీ పందెమున మొదట గమ్యము చేరిన డాన్సర్స్ ఇమేజ్ అను గుఱ్ఱమున ఫినైల్ బ్యూటజోను అను నొప్పిమందు కనబడినందున బహుమానము రెండవదానికి పోయెను. మన దేశమున డైక్లోఫెనాక్ అను నొప్పిమందు కథ యెఱుగనివా రుండరు. ఆ మందు వేసిన పశువు చచ్చినపిమ్మట దానిని తిన్న రాబందులు మూత్రపిండములు చెడి వేలసంఖ్యలో రాలిపోగా, 2006లో ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. పశువు దేహములో మన మెక్కించునది పశువుతోనే పోదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇక అసలు ప్రశ్న. మందు దొరికినది, పెట్టినవా డెవడో దొరకలేదు. ఎవరిని పట్టుకొనవలెను? గుఱ్ఱమునకు యజమాని యొకడు, మేపువా డొకడు, ఎక్కి పరుగెత్తించు జాకీ యొకడు, సూదివేయు వైద్యు డొకడు. వీరందఱికి పైన, ఆ గుఱ్ఱము తిండి, నిద్ర, సాధకము, చికిత్స సర్వమును తన చేతిక్రింద నడిపించు మేస్త్రివంటివాడు ట్రైనరు. రాత్రివేళ సాల తలుపు తాళ మెవరివద్ద నుండునో, ఏ దాణా యెక్కడనుండి వచ్చునో ఎఱిగినవాడతడే. అందుచేత పందెపు సంఘములవారు, గుఱ్ఱమున మందు కనబడిన నాడు ముందుగా జవాబు చెప్పవలసినవాడు ట్రైనరే యని నియమము చేసిరి. దీనికి న్యాయమైన కారణము లేకపోలేదు. సాలలో జరిగిన సంగతి బయటివారు రుజువు చేయలేరు, లోపలివాడే చెప్పగలడు. రుజువు భారమంతయు బయటివారిపై నుంచినచో ఏ నేరమును రుజువు కాదు. మఱియు, తానే పూచీ వహింపవలెనని యెఱిగిన ట్రైనరు తాళము గట్టిగా వేయును; సైసును మేలుగా నెంచుకొనును.

అయితే పూచీ వహించుట వేఱు; నేరము చేయుట వేఱు. ఈ భేదము పైననే ఇంగ్లండులో నొక ప్రసిద్ధమైన వ్యాజ్యము నడిచెను. 1930లో కెంప్టన్ పార్కు పందెమున గెలిచిన డాన్ ప్యాట్ అను గుఱ్ఱమున మందు కనబడగా, జాకీ క్లబ్బు స్టివార్డులు దాని ట్రైనరైన చాప్మనును పందెపు మైదానములనుండి బహిష్కరించి ఆ సంగతిని ప్రకటించిరి. తాను స్వయముగా మందు పెట్టినట్లు లోకము చదువుకొనుచున్నదని చాప్మను పరువునష్టపు దావా వేసెను. అతడు కాపాడుటలో నేమఱినాడని మాత్రమే తమ భావమని స్టివార్డులు వాదించిరి. జ్యూరీ చాప్మనునకు నష్టపరిహార మిప్పించెను. 1932లో అప్పీలు న్యాయస్థానము, క్లబ్బు తన సొంతపత్రికలో చేసిన ప్రకటన విషయమున క్లబ్బు పక్షము వహించెను. ఆ నియమములకు లోబడి లైసెన్సు పుచ్చుకొనినవాడు వానిక్రింద జరిగిన ప్రకటనను ఆక్షేపింపరాదనుట దాని సారాంశము. చట్టము మాట అటుండనిండు. ఒక మనుష్యుని "ఏమఱినాడు" అనుటకును "చేసినాడు" అనుటకును నడుమ వాని జీవితమంతటి దూరము కలదని ఈ వ్యాజ్యము మనకు నేర్పుచున్నది.

అమెరికాలో ఈ వివాదము మఱియు తీవ్రమయ్యెను. అచ్చట పలు రాష్ట్రముల నియమము ట్రైనరును సంపూర్ణమైన పూచీదారుగా చేసెను. 1946లో మేరీల్యాండు రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము, ఎట్టి సాక్ష్యముచేతను తొలగింప వీలులేని విధమున ట్రైనరును దోషిగా నెంచుట న్యాయవిరుద్ధమని కొట్టివైచెను. రెండేండ్లు తిరుగకమునుపే, 1948లో, కాలిఫోర్నియా సుప్రీము కోర్టు అట్టి నియమమునే చెల్లునని తీర్పు చెప్పెను. ఒకే దేశము, ఒకే నేరము, రెండు తీర్పులు! తుదకు 1979లో అమెరికా సుప్రీము కోర్టు, న్యూయార్కు ట్రైనరు బార్చి వ్యాజ్యములో నొక మధ్యమార్గమును చూపెను. పరీక్షలో మందు కనబడినచో ట్రైనరును వెంటనే నిలిపివేయవచ్చును. కాని నిలిపివేసిన పిదప జాగు చేయక అతని మొఱ విని తేల్చవలెను. విచారణను సాగదీసి, విచారణకు ముందే శిక్ష ముగియునట్లు చేయరాదు. న్యాయవాదులమైన మాకు ఈ మాట తేనెవలె తోచుచున్నది.

మొఱ వినుట ఎందులకని యడుగుదురా? నిర్దోషమైన కారణములు నిజముగా నుండును గనుక. 1979లో ఇంగ్లండున నో బాంబ్స్ అను గుఱ్ఱము సైసు చేతిలోని చాకొలెట్టు లాగికొని తినగా, అందలి పదార్థము పరీక్షలో పట్టుబడి దాని గెలుపు రద్దయ్యెను. 2014లో ఎలిజబెత్ రాణిగారి ఎస్టిమేట్ అను గుఱ్ఱము ఆస్కట్ గోల్డు కప్పు పందెమున రెండవదిగా వచ్చెను, మార్ఫిను కనబడెను, దాణాలో గసగసాల జాతి మొక్క కలిసినందున నట్లు జరిగినదని తేలెను. విచారణలో గుఱ్ఱము స్థానము తీసివేయబడెను. ట్రైనరునకు మాత్రము శిక్ష విధింపలేదు. గమనింపుడు! రాణిగారి గుఱ్ఱమని బహుమానము నిలుపలేదు. మందు దొరికినదని మనుష్యుని దండింపలేదు. మన చేలగట్లపై ఉమ్మెత్త మొలవదా? చొప్పకట్టలో నది కలియదా? తోటి రైతుపై వేలు చూపుటకు ముందు ఈ కథను తలచుకొనవలెను.

దీనికి సరిగా నెదురుగా నున్న కథయు కలదు. 2013లో న్యూమార్కెట్టులోని గోడాల్ఫిన్ సంస్థ ట్రైనరు మహమూద్ అల్ జరూనీ తన సాలలోని పలు గుఱ్ఱములకు కండ పెంచు స్టీరాయిడ్లు పెట్టినట్లు ఒప్పుకొనెను. ఎనిమిదేండ్లు అతనిని బహిష్కరించిరి. ఆ సాలలోని గుఱ్ఱములన్నిటిని నిలిపి పరీక్షించిరి. ఆ సంస్థ యజమాని దుబాయి ప్రభువు. అట్టివాని సాలలో తాళము తీసి పరీక్ష చేయగలిగిరనుట గొప్ప సంగతి. 2021 కెంటకీ డర్బీ పందెమున మొదట వచ్చిన మెడీనా స్పిరిట్ కథ ఈ రెంటికిని నడిమిది. దానిలో బీటామెథాసోను కనబడెను. అది చర్మరోగమునకు పూసిన లేపనమునుండి వచ్చినదని ట్రైనరు పక్షము చెప్పెను. లేపనమైన నేమి, సూదియైన నేమి, పందెపు నాడు దేహములో నుండరాని మందు ఉండినదే యని 2022 ఫిబ్రవరిలో గెలుపు రద్దు చేసి, ట్రైనరును 90 దినములు నిలిపివేసిరి. ఆ గుఱ్ఱము తీర్పు వినుటకు లేదు. 2021 డిసెంబరులోనే సాధకపు పరుగులో కూలి చచ్చినది.

ఈ కథలనుండి మేము పిండిన సూత్ర మొక్కటే. అది మా ఉపన్యాసమునకు ప్రాణము; దయచేసి మనసున నుంచుకొనుడు. బహుమానపు లెక్క వేఱు, మనుష్యుని లెక్క వేఱు. మందు దొరికిన జంతువునకు బహుమానము పోవలెను. పెట్టిన దెవరైనను పోవలెను. తెలియక జరిగినను పోవలెను. ఏలయన రెండవదిగా వచ్చిన జంతువు ఏ పాపము చేయలేదు. కాని పోషకుని దండించుటకు ముందు అతనిని పిలిచి, "నీ చేతిలోని జీవికి ఇది యెట్లు వచ్చినది? నీవు దానిని కాపాడుటకు ఏమేమి చేసితివి?" అని యడిగి, జవాబు వినవలెను. జవాబు చెప్పు భారము అతనిది. వినవలసిన ధర్మము మనది. మొదటి సగము వదలినచో వంచకులు గెలుతురు. రెండవ సగము వదలినచో నిర్దోషులు చెడుదురు.

ఇవన్నియు పరదేశపు మాటలు, మన కెందులకు అందురేమో! తెలుగునాట గుఱ్ఱపు పందెములు క్రొత్తవి కావు. హైదరాబాదున 1868లో మౌలాలీ వద్ద ప్రారంభమై, 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున మలకుపేటకు మాఱిన పందెపు మైదానము నేటికిని కలదు. గుఱ్ఱపు పందెము కేవలము అదృష్టపు ఆట కాదు, నేర్పుతో కూడినదని 1996లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. నేర్పునకు విలువ నిచ్చిన నాడు నేర్పును మాయచేయు మందునకు చోటుండరాదు కదా! కొత్తఢిల్లీలోని జాతీయ డోపు పరీక్షాశాల మనుష్య క్రీడాకారులకే కాక గుఱ్ఱములకును పరీక్షలు జరుపుచున్నది. ధనవంతుల గుఱ్ఱమునకు దేశమున లైసెన్సున్నది, ట్రైనరున్నాడు, పరీక్షాశాల యున్నది. రైతు ఎద్దునకు ఏమున్నది?

చట్టమున్నది. ఇది చాలమంది ఎఱుగని సంగతి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టపు మూడవ సెక్షను, జంతువును ఎవడు పోషించునో, ఎవని యధీనమున నది యుండునో, వాడు దాని క్షేమమునకు తగిన చర్యలన్నియు తీసికొనవలెనని శాసించుచున్నది. యజమాని యని మాత్రమే యనలేదు. అధీనములో నుంచుకొనినవా డనెను. ఇది ట్రైనరు పూచీ కాక మఱేమి? పదునొకండవ సెక్షనులో, హానికరమైన మందును అకారణముగ బుద్ధిపూర్వకముగ పెట్టుటయు, పెట్టించుటయు, పెట్టింప యత్నించుటయు నేరమనిరి. ఆ సెక్షనులోనే, నేరము జరుగకుండ తగిన జాగ్రత్తయు పర్యవేక్షణమును చూపని యజమాని తానే నేరము చేసినట్లెంచబడునని వ్రాసిరి. అయితే కేవలము ఏమఱుపాటు వలన దోషియైనవానికి జరిమానా చెల్లించు అవకాశమీయక ఖైదు వేయరాదని కూడ చేర్చిరి. ఏమఱుటకును చేయుటకును గల భేదమును మన శాసనకర్తలును ఎఱుగుదురు.

ఆ చట్టము లోపమును కూడ చెప్పవలెను. పదునొకండవ సెక్షను క్రింద మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలు! 1960లో ఏబది రూపాయలు కొంత బరువే. నేడది ఉలవల పద్దులో కూడ కనబడదు. అదే చట్టపు పండ్రెండవ సెక్షనులో, పాలకొఱకు ఆవునకు హానికరమైన సూదివేసినవానికి, తన యధీనములోని పశువునకు వేయనిచ్చినవానికి వేయి రూపాయల వఱకు జరిమానాయు, రెండేండ్ల వఱకు ఖైదును కలవు. పాలపశువునకు దొరికిన రక్షణ పందెపు పశువునకు దొరకలేదు. విషము పెట్టి పశువును చంపుటయో, పనికిరాకుండ చేయుటయో జరిగినచో 2023 నాటి భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను క్రింద అయిదేండ్ల వఱకు ఖైదు కలదు. కాని చచ్చినపిమ్మట వచ్చు న్యాయము ఎద్దునకేల?

చట్టపు కోరలు చిన్నవి గనుక నియమపు గోడలు గట్టివి కావలెను. 2014 మే 7వ తేదీన సుప్రీము కోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిలిపివేసినపుడు, ఎద్దులకు సారాయి త్రాగించుట, కన్నులలో కారము కొట్టుట మొదలగు క్రౌర్యములను గూర్చిన నివేదికలు ఆ వ్యాజ్యములో ముందుంచబడెను. పిదప తమిళనాడు, కర్ణాటకము, మహారాష్ట్రము తమ చట్టములను సవరించుకొనగా, 2023 మే 18వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వానిని నిలిపెను. ఏ కారణమున? సవరణలును, వానితోడి నియమములును కలిసి హింసను చాలవఱకు తగ్గించునని. అనగా, అచ్చటి వినోదము నిలిచినది సంప్రదాయపు బలముననే కాదు, నియమపు బలమున కూడ. మన బండలాగుడు పందెములు తరువాతి తరమువారును చూడవలెనని కోరువారు ముందుగా కోరవలసినది నియమమునే.

కొన్ని యాక్షేపణలు మేము విని యున్నాము. "ఇది బీదరైతుల వేడుక, ఈ పరీక్షల ఖర్చెవరు భరింతురు?" అందురు. బహుమానములకును, పందిళ్లకును, మైకులకును చందాలు దొరకుచున్నవి కదా. రెండు సీసాలకును, ఒక పశువైద్యుని రాకకును దొరకవా? బీదరైతునకే ఈ నియమము ఎక్కువ మేలు. ఖరీదైన మందు కొనగలవాడు ధనికుడు. ఉలవలు తప్ప వేఱు పెట్టలేనివాడు బీద. "జబ్బుచేసిన యెద్దునకు మందు వేయరాదా?" అందురు. వేయవలెను, తప్పక వేయవలెను. వేసిన నాడు వ్రాసియుంచవలెను. ఆ మందు దేహము విడుచువఱకు బరిలోనికి తోలరాదు. మందు తప్పు కాదు. మందుతో పందెము తప్పు. "మా ఎద్దు, మా యిష్టము" అనువారును కలరు. ఎద్దు వారిదే గాని బరి వారిది కాదు. పదిమంది చూచు బరిలో, పదిమంది చందాతో ఇచ్చు బహుమానమునకు దిగినవాడు పదిమందికి జవాబుదారి.

కాబట్టి మన తాలూకాల తిరునాళ్ల సంఘములవారికి మా సూచనలివి. మొదటిది: పందెమునకు పేరు వ్రాయించునపుడే యజమానియు, తోలువాడును ఒక కాగితముపై చేవ్రాలు చేయవలెను – ఈ జత మా యధీనములోనిది, దీని దేహములో దొరకు ప్రతిదానికి మేము జవాబు చెప్పుదుము అని. రెండవది: ప్రతి జతకు ఒక మందుల పుస్తకముండవలెను, ఏ నాడు, ఏ వైద్యుడు, ఏ మందు, ఎందులకు అనునవి అందు వ్రాయవలెను. మూడవది: ప్రతి తరగతిలో మొదటి రెండు జతలనుండియు, చీటి వేసి తీసిన మఱియొక జతనుండియు పశువైద్యుని యెదుట మూత్రము పట్టి, రెండు సీసాలలో పోసి, యజమాని యెదుటనే లక్కముద్ర వేయవలెను. ఒకటి పరీక్షకు, రెండవది వివాదము వచ్చినపుడు తిరిగి చూచుటకు. ఫలితము వచ్చువఱకు బహుమానపు సొమ్ము సంఘమువద్ద నుండవలెను. ఈ పరీక్షలకు ప్రయోగశాల సదుపాయము కల్పింపుడని సంఘములన్నియు కలిసి పశుసంవర్ధక శాఖవారికి అర్జీ పెట్టవలెను.

నాల్గవది: మందు దొరికినచో బహుమానము వెంటనే రద్దు. పోషకుని బహిష్కరించుటకు మాత్రము విచారణ కావలెను. పందెములో జతలేని రైతు, పశువైద్యుడు, చట్టమెఱిగినవాడు – ఈ ముగ్గురు కూర్చుండి, పదునైదు దినములు మీఱకుండ అతని మొఱ విని, కారణములతో తీర్పు వ్రాయవలెను. అతడు దాణా చూపవచ్చును, పుస్తకము చూపవచ్చును, సాక్షులను తేవచ్చును. ఏమియు చూపలేనిచో పూచీ అతనిదే. అయిదవది: ఆ తీర్పును ఒక్క ఊరిలో పెట్టి మూయరాదు. గిద్దలూరున బహిష్కృతుడైనవాడు కంభమున బరి దిగినచో బహిష్కారమున కర్థమేమి? అన్ని సంఘములును ఒక్క పుస్తకమును పాటింపవలెను. మార్కాపురము పలకలకు పేరెన్నికగన్న ఊరు. పలకపై వ్రాసినది అరచేతితో చెఱిపివేయవచ్చును. పందెపు పుస్తకము పలక కారాదు.

మీలో పందెపుటెడ్లు లేనివారే యెక్కువ. మనకేమి పని యని యనుకొనకుడు. బరి చుట్టు నిలిచి కేకలు వేయువారము మనమే. చందా లిచ్చువారము మనమే. గుసగుసలు మోయువారమును మనమే. ఇకమీదట చందా పుస్తకము మీ యింటికి వచ్చిన నాడు ఒక్క ప్రశ్న యడుగుడు: "ఈ యేడు పరీక్ష కలదా? విచారణకు ముగ్గురి నేర్పఱచితిరా?" కలదన్నచో చేతనైన దానికి మఱికొంత చేర్చి యిండు. లేదన్నచో ఏర్పఱచిన పిదప రమ్మని మర్యాదగా చెప్పి పంపుడు. "మందు పెట్టినారు" అని యెవడైన మీ చెవిలో నూదినచో, "ముద్రవేసిన సీసా యేది?" అని తిరిగి యడుగుడు.

రాజ్యాంగము 51-ఏ అధికరణము ప్రాణులయెడ దయ చూపుట ప్రతి పౌరుని ప్రాథమిక విధి యని చెప్పుచున్నది. దయ యనగా జాలిపడుట మాత్రమే కాదు, పూచీ వహించుట. కాడి మోయునది ఎద్దు; జవాబు మోయవలసినది మనుష్యుడు. ఈ సంగతిని మన సంఘములవారు వచ్చు తిరునాళ్లకు ముందే ఆలోచించి, నియమములు వ్రాసి, ఊరిచావడి గోడపై అంటింతురని ఆశించుచు, వానిని వ్రాయుటకు మా కలమును, కాలమును ఉచితముగా వినియోగింతుమని మాట యిచ్చుచు, మీయెడ సెలవు గైకొనుచున్నాము.